కళింగశాసనములును ఎక్స్‌ఎమ్‌ఎల్ లేఖనపద్ధతియు

శిలపై నున్న అక్షరము వేఱు. దానిని జదివిన పండితుని ఊహ వేఱు. ఈ రెంటికిని గల భేదమును జదువరికి స్పష్టముగా దెలియునట్లు కాపాడుట శాసనపరిష్కర్తకు ప్రథమధర్మము. అచ్చుపుస్తకములలో ఈ ధర్మమును కుండలీకరణములును, చుక్కలును, అడుగుజ్ఞాపికలును నిర్వహించుచు వచ్చినవి. పాఠములు కంప్యూటరులోనికి జేరిన పిదప ఈ చిహ్నములు తఱుచుగా జాఱిపోవుచున్నవి. చిహ్నము జాఱిన పాఠమున పరిష్కర్త పూరించిన అక్షరమును శాసనాక్షరముగా నగుపడును. దానిని నమ్మి చరిత్ర వ్రాయువారు మోసపోవుదురు. ఈ లోపమును దీర్చుటకు ఉపకరించు సాధనములలో నేడు విద్వల్లోకమున మిక్కిలి వ్యాప్తిలో నున్నది ఎక్స్‌ఎమ్‌ఎల్ అను లేఖనపద్ధతి. దీని పుట్టుకయు, స్వరూపమును, శ్రీకాకుళ విజయనగర ప్రాంతపు శాసనములకు దీనివలన గలుగు ప్రయోజనమును, దీని పరిమితులును ఇందు విచారింపబడును.

ఈ ప్రాంతపు శాసనసంపద యెట్టిదో మొదట స్మరింపవలెను. టెక్కలి ప్రాంతమున దొరకిన జిర్జింగి తామ్రశాసనము తూర్పుగాంగుడగు ఇంద్రవర్మ దంతపురమునుండి యిచ్చినది. అందు గాంగసంవత్సరము 39 కలదు. నాటి విశాఖపట్టణ మండలములోని చీపురుపల్లెలో దొరకినది తూర్పుచాళుక్యవంశస్థాపకుడగు విష్ణువర్ధనుని 18వ రాజ్యసంవత్సరపు తామ్రశాసనము. విజయనగరమునకు సమీపమున రామతీర్థపు గుహలో విమలాదిత్యుని కాలపు జైనశాసన మొకటి కలదు. తెలుగునాట నున్నను దాని భాష కన్నడము. ముఖలింగము, శ్రీకూర్మము దేవాలయముల శాసనములు దక్షిణభారతశాసనముల అయిదవ సంపుటమున 1925లో వెలువడినవి. ఇన్ని భాషలు, ఇన్ని లిపులు, ఇన్ని కాలగణనములు ఒక్క సీమలో కలిసిన తావు అరుదు. అందుచేతనే ఇచ్చటి పాఠములను భద్రపఱచుట కేవలము అక్షరములను బేర్చుటతో ముగియదు.

నడగాము శాసనముల కథ దీనికి మంచి నిదర్శనము. గాంగరాజగు వజ్రహస్తుని ఈ తామ్రశాసనము శకవర్షము 979, అనగా క్రీ.శ. 1057-58 నాటిది. దీనిని ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటమున (1896-97) బ్రకటించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వంశధారాతీరమున 1863లో జనించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, శాసనలిపులను స్వయంకృషిచే నేర్చిన ఈ మహనీయుని పేరు వ్యావహారికభాషావాదమునకును సవరభాషాసేవకును ప్రసిద్ధము. ఆయన శాసనపరిశ్రమ అంతగా ప్రచారము నొందలేదు. గాంగుల రాజధానియగు కళింగనగరము నేటి ముఖలింగప్రాంతమే యని నిరూపించుటకు పూనినవారు రామమూర్తి పంతులుగారు. అంతకుముందు ఫ్లీటు పండితుడు అది కళింగపట్టణమని తలచెను.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. శాసనములో నున్నది "కళింగనగర" మను పదము మాత్రమే. ముఖలింగ మనునది రామమూర్తి పంతులుగారి నిర్ణయము. కళింగపట్టణ మనునది ఫ్లీటు నిర్ణయము. ఈ మూడింటిని మూడుగా నుంచిననే తరువాతివారికి పునర్విచారమునకు తావు మిగులును. కేవలము సూచికలో "కళింగనగరము: ముఖలింగము" అని వ్రాసి విడిచినచో, యాబది యేండ్ల పిదప చదువువాడు అది శాసనవాక్యమో పండితమతమో యెఱుగడు.

మఱియొక చిక్కును గలదు. నడగాము ప్రకటితమైననాడు గంజాం మండలములోని నరసన్నపేట తాలూకాలో నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు ఆ తాలూకా విశాఖపట్టణ మండలమున గలిసెను. 1950లో శ్రీకాకుళము ప్రత్యేకమండలమాయెను. 1979లో విజయనగర మండలమును, 2022లో పార్వతీపురము మన్యము మండలమును వెలసినవి. పాత సంపుటములలో "గంజాం" అని యున్నదానిని నేడు శ్రీకాకుళముక్రింద వెదకువాడు కానజాలడు. ఊరు కదలలేదు, పేరుల పొరలే మాఱినవి. ఈ పొరలన్నిటిని ఒక్కచో నిమిడ్చి చెప్పగల లేఖనపద్ధతి కావలసియున్నది.

అచ్చుపద్ధతి ఈ పనిని కొంతవఱకు జేసినది. ఎపిగ్రాఫియా ఇండికావంటి పత్రికలలో చెడిన యక్షరములను చతురస్ర కుండలీకరణమున నుంచుటయు, లేఖకుని దోషములకు సవరణలను అడుగున జ్ఞాపికలుగా వ్రాయుటయు ఆచారము. యూరపులో గ్రీకు లాటిను శాసనములను పరిష్కరించువారు 1931లో లైడెన్ నగరమున సమావేశమై, ఏ చిహ్నమున కేది యర్థమో నియమించుకొనిరి. వారి పద్ధతిలో చతురస్ర కుండలీకరణము పూర్తిగా నశించిన భాగమునకు. సందిగ్ధాక్షరమునకు క్రింద చుక్క. ఇట్లు ఒకే చిహ్నము ఒక సంప్రదాయమున "చెడినది" అనియు, మఱియొక సంప్రదాయమున "లేనిది" అనియు జెప్పుచున్నది. మనుష్యుడు పీఠికను జదివి సమాధానపడును. యంత్రమునకు పీఠిక యెఱుక లేదు. అదియునుగాక, పాఠమును ఒక పుస్తకమునుండి మఱియొకదానికి ఎత్తి వ్రాయునపుడు మొదట నశించునవి కుండలీకరణములే. అవి పాఠమునకు బయటివని లేఖకుడు భావించును.

పాఠమునకు జేరి, పాఠము కాని గుఱుతు అను భావము మన వైయాకరణులకు క్రొత్తది కాదు. పాణిని శాస్త్రమున అనుబంధములు ఇట్టివే. క్త ప్రత్యయమున ఉచ్చారణకు మిగులునది "త" మాత్రమే. కకారము ఇత్సంజ్ఞ నొంది లోపించును; కాని అది యుండుటవలననే కృ ధాతువునకు గుణము రాక "కృత" మను రూపము సిద్ధించును. పచ్ ధాతువుపై ఘఞ్ ప్రత్యయము వచ్చినపుడు ఘకారము చకారమును కకారముగా మార్చును, ఞకారము వృద్ధిని దెచ్చును. రెండును లోపించి "పాక" మను శబ్దము మిగులును. అనుబంధము వినబడదు, కనబడదు; అయినను కార్యమున కంతటికి అదియే మూలము. ఎక్స్‌ఎమ్‌ఎల్ గుఱుతులును ఇట్లే పాఠమునకు దోడై యుండి, చదువరికి జూపునపుడు లోపించును. అయితే భేద మొకటి కలదు. అనుబంధము కార్యమును విధించును. ఎక్స్‌ఎమ్‌ఎల్ గుఱుతు స్వరూపమును మాత్రము చెప్పును. "ఇది పూరించిన యక్షరము" అని గుఱుతు పలుకును; దానిని కుండలీకరణమున నుంచవలెనో, వేఱు రంగున జూపవలెనో, విడువవలెనో యను విధి వేఱొక సాధనమున నుండును. ఒక్క పాఠమునే విద్వాంసునికి చిహ్నములతోను, విద్యార్థికి చిహ్నములు లేకుండను జూపగలుగుట ఈ విభాగమువలననే సాధ్యమగుచున్నది.

ఇక దీని చరిత్రము. 1969లో ఐబిఎమ్ సంస్థయందు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు న్యాయవ్యవహారపు పత్రములను యంత్రమునకు బోధపఱచుటకై జిఎమ్‌ఎల్ అను పద్ధతిని గల్పించిరి. ఈ పేరులోని మూడక్షరములు ఆ మువ్వురి యింటిపేరుల తొలియక్షరములు కూడ నగుట విశేషము. పత్రమున నేది యెట్లు కనబడవలెనో చెప్పుటకు మాఱుగా, ఏది యేమియో చెప్పవలె నన్నది వారి సిద్ధాంతము. ఇది పెరిగి 1986లో ఎస్‌జిఎమ్‌ఎల్ అను అంతర్జాతీయప్రమాణమాయెను. అది సమగ్రమైనను మిక్కిలి జటిలము. 1996లో జాన్ బోసాక్ ఆధ్వర్యమున నేర్పడిన పండితవర్గము దానిని వడియగట్టి సులభము చేసెను. టిమ్ బ్రే, జాఁ పవోలీ, మైకేల్ స్పెర్‌బర్గ్ మెక్వీన్ అనువారు సంపాదకులుగా 1998 ఫిబ్రవరి 10వ తేదీన ఎక్స్‌ఎమ్‌ఎల్ మొదటి ప్రమాణము వెలువడెను. వీరిలో మెక్వీన్ సాహిత్యపాఠముల నెఱిగిన వాడగుట ఈ పద్ధతి విద్వాంసుల కనుకూలించుటకు ఒక హేతువు.

దీని స్వరూపము సులభముగా దెలియుటకు కల్పితవాక్య మొకటి చాలును. శాసనమున "ఈ యూరు సర్వకరపరిహారముగా నిచ్చితిమి" అను వాక్యమున నాలుగక్షరములు నశించినవనియు, ఒకటి సందిగ్ధమనియు ననుకొందురు గాక. దానిని ఇట్లు వ్రాయవచ్చును:

<శాసనము భాష="తెలుగు">
<పంక్తి సంఖ్య="3"/>ఈ యూరు <పూరణము హేతువు="నష్టము">సర్వకర</పూరణము>పరిహారముగా <సందిగ్ధము>ని</సందిగ్ధము>చ్చితిమి
</శాసనము>

కోణచిహ్నముల నడుమ నున్న పేరు ట్యాగు అనబడును. ఆరంభపు ట్యాగును, గీటుతో గూడిన ముగింపు ట్యాగును, వాని నడిమి పాఠమును గలిసి ఒక అంగమగును. ఆరంభపు ట్యాగులో నున్న "హేతువు", "భాష" వంటివి ఆ యంగమునకు విశేషణములు; వాని విలువలు ఉద్ధరణచిహ్నములలో నుండవలెను. నడుమ పాఠ మేమియు లేని "పంక్తి" వంటిది శూన్యాంగము. అది ఒక తావును మాత్రము సూచించును. నియమములు కొలదియే. పత్రమంతయు ఒక్క మహాంగములో నిమిడియుండవలెను. తెఱచిన ప్రతి యంగమును మూయవలెను. లోపల తెఱచినది లోపలనే ముగియవలెను. ఒకదాని నొకటి దాటరాదు. కోణచిహ్నము పాఠములోనే వచ్చినచో దానికి ప్రత్యేకసంకేతము వాడవలెను. ఈ నియమములకు లోబడిన పత్రము సుఘటితమనబడును. ఇంతకు మించిన కట్టుబాటును స్కీమా యను నియమపత్రము విధించును. పూరణమునకు హేతువు తప్పక యుండవలెననియో, పంక్తిసంఖ్య అంకెయే కావలెననియో స్కీమాలో వ్రాసినచో, దాని నతిక్రమించిన పత్రమును యంత్రము దోషముతో సహా చూపును. సుఘటితత్వము సంధినియమమువంటిదైనచో, స్కీమాచే గలుగు శుద్ధి ఛందోనియమమువంటిది.

పై యుదాహరణమున ట్యాగుల పేరులు తెలుగున నుండుట కేవలము బోధకొఱకు జేసిన కల్పన కాదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణము తొలినుండియు తెలుగక్షరములతో పేరులు పెట్టుట కనుమతించినది. దీనికి మూలము యూనికోడు. 1991 నాటి తొలి ప్రమాణముననే తెలుగునకు ప్రత్యేకస్థానము లభించెను. అంతకుముందు ప్రతి ముద్రణాలయమును తన యచ్చులకు దాను తోచిన సంకేతములు పెట్టుకొనుచుండెను. ఆ యచ్చులు పోయినచో పాఠమును నిరర్థకపు చిహ్నరాశిగా మిగులుచుండెను. యూనికోడు అక్షరమునకు స్థిరమైన సంఖ్య నొసగెను. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆ యక్షరములకు అర్థవిభాగము నొసగెను. ఒకటి లేక రెండవది నిలువదు.

సాహిత్యపాఠములకు ఏ యంగము లుండవలెనో నిర్ణయించుటకు 1987లో అమెరికాలోని పొకీప్సీ పట్టణమున పండితులు సమావేశమైరి. ఆ యుద్యమమే టీఈఐ అను పేర బ్రసిద్ధమైనది. దాని నియమగ్రంథము 1994లో ఎస్‌జిఎమ్‌ఎల్ రూపమునను, 2002లో ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపమునను వెలువడి, 2007 నాటి అయిదవ రూపము నేటికిని క్రమముగా సంస్కరింపబడుచున్నది. పద్యము, పాదము, పాఠాంతరము, లేఖకదోషము, సవరణ, వ్యక్తినామము, స్థలనామము మొదలగువాని కన్నిటికిని అందు వేర్వేఱు అంగములు కలవు. శాసనములకు దీనిని గుదించి టామ్ ఎలియట్ మొదలగువారు ఎపిడాక్ అను పద్ధతి నేర్పఱచిరి. లైడెన్ చిహ్నము లొక్కొక్కదానికి అందు ఒక్కొక్క యంగము నియతమైనది. గ్రీకు లాటినులకు బుట్టిన ఈ పద్ధతి క్రమముగా మన శాసనముల దరి జేరెను. 2019లో యూరపులో నారంభమైన ధర్మ యను పరిశోధనోద్యమమున దక్షిణాసియా, ఆగ్నేయాసియా శాసనములు ఎపిడాక్ రీతిని వ్రాయబడుచు వచ్చినవి. అందు వేంగీచాళుక్యుల శాసనసముదాయమును సిద్ధపఱచిన పండితుడు దానియెల్ బలోగ్. చీపురుపల్లె శాసనము ఈ వంశపు తొలిరాజునకు జెందిన దగుటచే, ఈ కృషి కళింగాంధ్రచరిత్రకును సన్నిహితమే.

ఈ పద్ధతివలన చరిత్రవిచారమునకు గలుగు లాభమును మూడు నిదర్శనములతో జూపవచ్చును.

మొదటిది కాలము. వజ్రహస్తుని శాసనములలో ఆయన పట్టాభిషేకవర్షము ఆకాశము, ఋతువు, నిధి యను అర్థముగల పదములతో జెప్పబడినది. సున్న, ఆఱు, తొమ్మిది. కుడినుండి యెడమకు జదివిన శకవర్షము 960, అనగా క్రీ.శ. 1038. యంత్రము ఎన్ని మారులు వెదకినను ఆ పదములలో సంఖ్య గానదు. <కాలము శకము="960" క్రీస్తుశకము="1038"> అను గుఱుతు నడుమ మూలపదముల నుంచినచో, పదము చెడదు, సంఖ్యయు దొరకును. చీపురుపల్లె శాసనమునకు ఈ వివేకము మఱింత యావశ్యకము. అందలి 18వ రాజ్యసంవత్సరమును, శ్రావణమాస చంద్రగ్రహణమును బట్టి క్రీ.శ. 632 అని గణించిన మతము ప్రసిద్ధము. తూర్పుచాళుక్యరాజ్యారంభమును 624గా గొనువారికి ఆ గణన సరిపడదు. జిర్జింగి శాసనపు 39వ గాంగసంవత్సరమునకును, గాంగశకారంభమును 496 మొదలు 498 వఱకు వేర్వేఱుగా నిర్ణయించిన మతములను బట్టి ఫలము మాఱును. శాసనము చెప్పినది పాఠమునందును, పండితులు చెప్పినది విశేషణములందును, ఎవరు చెప్పిరో "బాధ్యుడు" అను మఱియొక విశేషణమునందును నుంచినచో మతభేదములన్నియు ఒక్క పత్రముననే తగవు లేక నివసింపగలవు.

రెండవది వ్యక్తినామము. విష్ణువర్ధనుడను పేరు తూర్పుచాళుక్యులలో పలువురు రాజులకు గలదు. పేరును మాత్రము వెదకినచో అందఱును గలిసిపోవుదురు. ప్రతి ప్రయోగమునకును రాజును సూచించు స్థిరమైన సంకేతమును విశేషణముగా జేర్చినచో, ఏ విష్ణువర్ధనుని దానము లెన్నియో క్షణమున వేఱుపఱుపవచ్చును. కళింగనగరమునకును, నడగామునకును ముందు చెప్పిన చిక్కులు ఈ మార్గముననే తీఱును: గ్రామమునకు మార్పులేని సంకేత మొకటి, దానికి జేర్చి గంజాం, విశాఖపట్టణము, శ్రీకాకుళము అను పేరులు వాని కాలములతో.

మూడవది లిపి. వజ్రహస్తుని కాలపు పర్లాకిమిడి తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా మూడవ సంపుటమున బ్రకటించిన కీల్‌హార్న్ పండితుడు, అందలి 730 అక్షరములలో 320 నాగరలిపిలోను, 410 దాక్షిణాత్యలిపులలోను నున్నవని యెంచి చెప్పెను. ఒక్క శాసనమున ఒకే వర్ణము పలురూపముల గానవచ్చుట కళింగలేఖకుల విలక్షణత. ఆ పండితుడు కన్నులతో నొక్కొక్క యక్షరమును లెక్కించెను. ప్రతి యక్షరమునకును లిపిని విశేషణముగా వ్రాసినచో, అట్టి లెక్కను యంత్రము ఒక్క ప్రశ్నతో జెప్పును. ఒక్క శాసనమునకే కాక నూఱు శాసనములకును. ఏ కాలమున నాగరలిపి కళింగమున హెచ్చెనో, ఏ యూరి లేఖకు లేలిపిని ప్రీతించిరో అపుడు సప్రమాణముగా విచారింపవచ్చును. కాని ఆ విశేషణములను వ్రాయువాడు కీల్‌హార్న్ వలె అక్షరమును జూచినవాడై యుండవలెను. యంత్రము లెక్కించును గాని, చదువదు.

ఇప్పుడు సాధనములను గూర్చి. ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రము కేవలము అక్షరములతో గూడిన సామాన్యపత్రము కాన, ఏ సాధారణపు వ్రాతసాధనముతోనైనను వ్రాయవచ్చును. పత్రమును జదివి సుఘటితమో కాదో చెప్పు సాధనము పార్సరు. లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అను దానితో వచ్చు చిన్న పరీక్షకసాధనము ఉచితముగా లభించును. జేమ్స్ క్లార్క్ పండితుడు ఈమాక్స్ అను వ్రాతసాధనమునకు జేసిన చేర్పు వ్రాయుచుండగనే దోషములను జూపును. ఆక్సిజన్ అను విక్రయసాధనము టీఈఐ పండితులలో మిక్కిలి వ్యాప్తము. స్కీమాలను వ్రాయుటకు క్లార్క్‌ను మురాత మకోతోయు గూడి 2001 ప్రాంతమున గావించిన రిలాక్స్ ఎన్‌జి టీఈఐవారి కభిమతమైనది. పత్రమున కావలసిన అంగమును జూపుటకు ఎక్స్‌పాత్, పత్రమును మఱియొక రూపమునకు మార్చుటకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టి. ఈ రెండును 1999లో ప్రమాణములైనవి. రెండవదానిని నడపు సాధనములలో మైకేల్ కే రచించిన సాక్సన్ ప్రసిద్ధము. పలుపత్రముల నొక్కచో జేర్చి వెదకుటకు ఎగ్జిస్ట్, బేస్‌ఎక్స్ అను భాండాగారములు కలవు. ఈ రెండును ఉచితములే. పూరణమును కుండలీకరణముగా జూపుమని ఎక్స్‌ఎస్‌ఎల్‌టిలో నొకసారి విధించినచో, శాసనములన్నియు ఆ రీతినే కనబడును. విధిని మార్చినచో అన్నియు ఒక్కపెట్టున మాఱును. మూలపత్రమును ముట్టనక్కఱలేదు.

ఈ పద్ధతికి పరిమితులును గలవు. వానిని సంస్కృతాంధ్రములు ముఖ్యముగా బైలుపఱుచును. అంగము లొకదాని నొకటి దాటరాదను నియమము మొదటి చిక్కు. తామ్రఫలకమున పంక్తి పదమధ్యమున ముగియును. పద్యపాదము పంక్తిమధ్యమున ముగియును. రెంటిని అంగములుగా జేసినచో దాటుట తప్పదు. అందుచేతనే పై యుదాహరణమున పంక్తి శూన్యాంగముగా వ్రాయబడినది. పాదమునకు అంగత్వము నిచ్చి, పంక్తికి తావు మాత్ర మిచ్చుట విద్వదాచారము. రెండవ చిక్కు సంధి. "తస్యాపి" యనుచోట దీర్ఘమగు ఆకారము తస్య శబ్దమునకో అపి శబ్దమునకో యొక్కదానికి మాత్రమే చెందినది కాదు. ప్రతి పదమును అంగముగా జేయగోరువాడు ఇచ్చట కత్తి యెక్కడ బెట్టును? కొందఱు సంధిరూపమును యథాతథముగా నుంచి, విడదీసిన రూపమును వేఱుగా జేర్చుదురు. వేదమునకు సంహితాపాఠమును, పదపాఠమును వేఱువేఱుగా నిలిపిన మన పూర్వుల మార్గమే ఇది.

మూడవది లిపిస్వభావము. "కి" యను అక్షరమున కకారము చక్కగా నుండి, గుడి మాత్రము చెడినదనుకొందురు గాక. గుడికి మాత్రము సందిగ్ధాంగము వ్రాయబోయినచో తెలుగులిపిలో ఆ గుడి హల్లునుండి విడివడి వికృతముగా గనబడును. ధర్మ యుద్యమమువారు ఐఎస్ఓ 15919 అను ప్రమాణము ననుసరించి రోమనులిపిలో పాఠమును వ్రాయుటకు ఇదియు నొక ప్రయోజనము. ఆ లిపిలో హల్లును అచ్చును విడివిడిగా నిలుచును. రోమనునుండి తెలుగులిపికి మార్చుట యంత్రమునకు సులభము. కాని మూలపత్రము తెలుగు చదువరికి వెంటనే కన్నుల గట్టదను లోటు మిగులును. మఱియు టీఈఐ యంగముల పేరులు ఆంగ్లపదములు. వానికి తెలుగు పేరులను జతపఱచు వీలు ఆ నియమగ్రంథముననే కలదు. శబ్దశాస్త్రము తెలిసినవారు పూనికొని "పూరణము", "సందిగ్ధము", "పాఠాంతరము", "లేఖకదోషము" వంటి పేరులను స్థిరపఱచినచో పాఠశాలల పండితులకు ఈ ద్వారము తెఱవబడును.

ఈ కార్యమునకు గొప్పధనము గాని, యంత్రశాలలు గాని అక్కఱలేదు. ఒక సామాన్యపు కంప్యూటరు, ఉచితసాధనములు రెండు, శాసనపు నకలు, వీనితో బాటు ఓర్పు. శ్రీకూర్మమందలి యొక స్తంభశాసనమును, ముఖలింగమందలి యొక దానశాసనమును దీసికొని, అచ్చుపాఠమును నకలుతో బోల్చి, ప్రతి కుండలీకరణమునకు దాని యర్థమును జెప్పు అంగమును వ్రాసినవాడు ఆ శాసనమును మఱియొకసారి పరిష్కరించినవాడే యగును. ఏలయన గుఱుతు వ్రాయునపుడు "ఇది చెడినదా, లేనిదా, లేఖకుడు మఱచినదా, పరిష్కర్త ఊహించినదా" అని ప్రతి యక్షరమునకును ప్రశ్నించుకొనక తప్పదు. అచ్చున ఒక్క కుండలీకరణము నాలుగు సందేహములను గప్పిపుచ్చగలదు. ఇచ్చట నాలుగింటికి నాలుగు పేరులు పెట్టవలెను. శబ్దమునకు ఏ యనుబంధ మేకార్యమునకై వచ్చినదో చెప్పలేనివానికి రూపసిద్ధి లేనట్లే, అక్షరమునకు ఏ గుఱుతు తగునో నిర్ణయింపలేనివానికి పాఠసిద్ధి లేదు.

తామ్రపత్రములు కరగింపబడవచ్చును, శిలాక్షరములు సున్నపుపూతలకును ఎండవానలకును అరిగిపోవచ్చును. అపుడు మిగులునది పండితుడు వ్రాసిన పాఠమే. ఆ పాఠమున శాసనమేదో, పండితుడేదో తెలియకున్నచో మూలము నశించినదానికంటె హెచ్చు నష్టము: లేనిది ఉన్నట్లు నిలుచును. రామమూర్తి పంతులుగారు నడగాము ఱేకులను జదివి, శాసనవాక్యమును దమ నిర్ణయమును వేఱుగా నుంచి ప్రకటించిరి. నూఱేండ్లకు పైబడినను వారి నిర్ణయమును గూర్చి విచారించు స్వాతంత్ర్యము నేటివారికి గలిగియున్నది. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆ స్వాతంత్ర్యమును కంప్యూటరుకాలమునకు గొనివచ్చిన లేఖనపద్ధతి. దానిని గళింగాంధ్రశాసనములకు వినియోగించుట ఈ సీమ విద్వాంసులు తమ పూర్వులకు దీర్పవలసిన ఋణము.